పట్టా ఉన్నవాళ్ళు, పడి లేచినవాళ్ళు

తాగుడు సమస్య మీద విశ్వవిద్యాలయంలో తొలి బడి నడిపిన మనిషి పూర్వచరిత్ర చూస్తే, ఇవాళ ఏ యూనివర్సిటీ నియామక కమిటీ అయినా ఆ దరఖాస్తును మారుమాట లేకుండా పక్కన పడేస్తుంది. ఎల్విన్ మార్టన్ జెల్లినెక్ 1890లో న్యూయార్క్‌లో పుట్టి బుడాపెస్ట్‌లో పెరిగాడు. అక్కడ పాదరక్షల పుట్టుపూర్వోత్తరాల మీద ఓ రచన చేశాడు. 1920లో విదేశీ కరెన్సీ వ్యవహారం ఏదో బెడిసికొట్టి ఊరొదిలి పారిపోయాడు. పేరు మార్చుకుని మధ్య అమెరికాలోని హాండురస్‌లో తేలాడు. అక్కడ అరటి తోటల కంపెనీలో లెక్కలు, పరిశోధన చూశాడు. ముప్పైల దశకంలో అసలు పేరుతో అమెరికా చేరి, మసాచుసెట్స్‌లోని ఓ పిచ్చాసుపత్రిలో గణాంకాల నిపుణుడిగా కుదురుకున్నాడు. ఆయన పేరు వెనక ఉన్న డిగ్రీలు ఏ యూనివర్సిటీవో తేల్చుకుందామని తర్వాతి కాలపు చరిత్రకారులు బయల్దేరితే, నమ్మదగ్గ కాగితం చేతికి చిక్కలేదు. స్నేహితులు మాత్రం ‘బంకీ’ అని ముద్దుగా పిలిచేవారు. ఎన్నో భాషలు వచ్చినవాడు, మాటకారి, కూర్చోబెట్టి చెబితే ఎవరైనా వినాల్సిందే.

ఈ మనిషిని యేల్ విశ్వవిద్యాలయం పిలిపించుకుంది. అక్కడ హోవర్డ్ హ్యాగర్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త నడుపుతున్న ప్రయోగశాలలో మద్యం శరీరంలోకి వెళ్ళాక ఏమవుతుందో కొలుస్తున్నారు. కొలవగా కొలవగా వాళ్ళకు ఒకటి అర్థమైంది. రక్తంలో మద్యం శాతం తెలిసినంత మాత్రాన, శుక్రవారం జీతం అందుకుని ఆదివారానికి ఖాళీ జేబుతో ఇల్లు చేరే మనిషి సంగతి తెలిసినట్టు కాదు. అందుకని సామాజిక శాస్త్రవేత్తను, న్యాయం తెలిసినవాడిని, మతబోధకుడిని, ఆర్థికవేత్తను ఒక కప్పు కిందికి తెచ్చారు. 1943 వేసవిలో ఆరు వారాల బడి పెట్టారు. దాని పేరు యేల్ సమ్మర్ స్కూల్ ఆఫ్ ఆల్కహాల్ స్టడీస్.

అమెరికాలో మద్యనిషేధం ఎత్తేసి అప్పటికి పదేళ్ళు. మద్యం మాటెత్తితే దేశం రెండు ముఠాలుగా విడిపోయే కాలం. ఆ తరగతిలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళు చర్చి పాస్టర్లు, బడిపంతుళ్ళు, సంఘసేవకులు, మద్యం పేరు వింటేనే మండిపడే మహిళా సంఘాలవాళ్ళు. సీసాలో సైతాను ఉందని నమ్మి వచ్చినవాళ్ళకు జెల్లినెక్ గణాంకాల పట్టికలు చూపించి పాఠం చెప్పాలి. సెల్డన్ బేకన్ అనే యువ సామాజిక శాస్త్రవేత్త వచ్చి, తాగి పోలీసులకు దొరికిన వెయ్యిమందికి పైగా మగవాళ్ళ వివరాలు ముందు పెట్టాడు. వాళ్ళలో పెళ్ళే కానివాళ్ళు, కాపురం చెదిరినవాళ్ళు మామూలు జనంలో కన్నా ఎంతో ఎక్కువ. తాగుడు వల్ల ఒంటరి అయ్యారా, ఒంటరితనం వల్ల తాగారా అన్న ప్రశ్న ఆ గదిలో అప్పుడే లేచింది. ఇప్పటికీ ప్రతి శిక్షణ తరగతిలో మొదటి వారంలోనే ఎవరో ఒకరు అది అడుగుతూనే ఉంటారు.

కానీ ఆ బడికి అసలు ప్రాణం పోసినవాళ్ళు శాస్త్రవేత్తలు కారు. 1944లో అక్కడికొచ్చిన ఇద్దరి గురించి చెప్పుకోవాలి.

ఒకరు మార్టీ మన్. షికాగోలో కలిగినింట పుట్టింది. ముప్పైల్లోకి వచ్చేసరికి డబ్బు, పరువు, ఆరోగ్యం అన్నీ సీసాకు ఒప్పజెప్పి, కనెక్టికట్‌లోని ఓ మానసిక చికిత్సాలయంలో చేరింది. 1939లో అక్కడి డాక్టర్ హ్యారీ టీబౌట్ ఆమె చేతిలో ఓ రాతప్రతి పెట్టాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే చిన్న గుంపు అచ్చు వేయబోతున్న పుస్తకం అది. ఆ దారిలో నడిచి దీర్ఘకాలం తాగకుండా నిలిచిన తొలితరం స్త్రీలలో ఆమె ముందువరసలో ఉంది. యేల్ బడికి వచ్చి, జెల్లినెక్, హ్యాగర్డ్‌ల అండతో 1944 అక్టోబరులో మద్యం మీద ప్రజలకు చదువు చెప్పే జాతీయ కమిటీ పెట్టింది. తర్వాత ఊరూరా తిరుగుతూ ‘నేను తాగుబోతును’ అని సభల్లో నిలబడి చెప్పింది. 1944లో ఒక ఆడమనిషి ఆ మాట అనడం ఎంత సాహసమో ఇవాళ్టి మన ఊళ్ళో ఊహించుకుంటే చాలు, అమెరికా దాకా పోనక్కర్లేదు.

రెండో మనిషి బిల్ విల్సన్. రాత్రి కళాశాలలో లా చదివాడు గానీ పట్టా అందుకోలేదు. షేర్ మార్కెట్లో సంపాదించి, తాగి, పోగొట్టుకున్నాడు. 1934 డిసెంబరులో తాగుడు మానేశాక ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు మూలపురుషుల్లో ఒకడయ్యాడు. యేల్ వేదికెక్కి తమ సంఘం గురించి మాట్లాడాడు. 1944లో ఆ బడిలో చెప్పిన 29 ఉపన్యాసాలను 1945లో పుస్తకంగా వేసినప్పుడు మిగతావాళ్ళ పేర్ల పక్కన డిగ్రీలున్నాయి, ఆయనకు మాత్రం ‘డబ్ల్యు. డబ్ల్యు.’ అని రెండు పొడి అక్షరాలే. 1954లో అదే యేల్ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇస్తామంది. సంఘంలో ఎవరూ పేరుతో పైకి రాకూడదన్న నియమం ఉందన్నాడు. పొడి అక్షరాలతోనే ఇస్తామన్నా ఒప్పుకోలేదు. డిగ్రీలు ఉన్నాయో లేవో తెలియని ప్రొఫెసర్ పాఠం చెప్పిన చోటే, కాళ్ళ దగ్గరికొచ్చిన డిగ్రీని వద్దన్నవాడూ పాఠం చెప్పాడన్నమాట.

యేల్‌కు ఈ బడి ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. పెద్ద విశ్వవిద్యాలయానికి తాగుబోతుల చదువు అంత గౌరవంగా తోచకపోవడంలో వింతేమీ లేదు. 1962లో సెల్డన్ బేకన్ ఆ కేంద్రాన్ని, పుస్తకాలతో పత్రికతో సహా, న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి తరలించాడు. ఎడిసన్‌లో తెలుగువాళ్ళు ఉగాది చేసుకునే హాళ్ళకూ ఆ రట్గర్స్ ప్రాంగణానికీ మధ్య కారులో పట్టుమని అరగంట ఉండదు. ఆ కేంద్రం ఆ పక్కకే వచ్చిందని ఆ హాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

జెల్లినెక్ పేరు చెప్పగానే ఈ రంగంలో ఎవరికైనా ఒక బొమ్మ గుర్తొస్తుంది. ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా ఎడమవైపు కిందికి జారి, కుడివైపు పైకి లేచే గీత. జారుతున్న వైపు ‘దొంగచాటుగా తాగడం’, ‘ఉద్యోగం పోవడం’, లేస్తున్న వైపు ‘ఆశ చిగురించడం’ లాంటి మాటలు. ఎన్నో డీ-అడిక్షన్ సెంటర్ల గోడల మీద ఇది కనబడుతుంది. దాని వెనక కథ తెలిస్తే ఏ విద్యార్థీ ఆ బొమ్మను మునుపటిలా చూడడు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌వాళ్ళు తమ పత్రికలో తామే ఒక ప్రశ్నావళి వేసుకున్నారు. 158 మంది నింపి పంపారు. ఆ కాగితాలను జెల్లినెక్‌కు ఇస్తే ఆయన అందులో 98 మాత్రమే లెక్కకు తీసుకున్నాడు. స్త్రీలు పంపినవి కొన్నే ఉన్నాయి, వాళ్ళ సమాధానాలు మగవాళ్ళ వాటితో పొసగడం లేదని పక్కన పెట్టాడు. అంటే ఆ జారుడు దశల జాబితాకు తొలి మూలం, తమంతట తాము కాగితం నింపి పంపిన 98 మంది మగవాళ్ళు. ఈ పరిమితిని జెల్లినెక్ దాచలేదు, తన వ్యాసంలోనే రాశాడు. వాడుకున్నవాళ్ళు ఆ భాగం చదవలేదు. పైగా గోడ మీది గీత ఆయన గీసింది కాదు. డాఖావ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడి ఇంగ్లండు చేరిన మాక్స్ గ్లాట్ అనే మనోవైద్యుడు, జెల్లినెక్ చెప్పిన జారుడు దశలకు కోలుకునే దశలు జోడించి ఆ రూపం తెచ్చాడు. పేరు మాత్రం జెల్లినెక్‌కే ఉండిపోయింది. ఆయన 1963లో స్టాన్‌ఫర్డ్‌లో తన బల్ల ముందు పని చేసుకుంటూనే కన్నుమూశాడు.

యేల్ బడి పాఠం చెప్పింది గానీ ఉద్యోగం సృష్టించలేదు. ఆ పని మిన్నెసోటాలో జరిగింది. విల్మార్ అనే ఊళ్ళోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి యాభైల మొదట్లో నెల్సన్ బ్రాడ్లీ సూపరింటెండెంటు, డాన్ ఆండర్సన్ సైకాలజిస్టు. మందులిచ్చి, తాళం వేసి, పంపించేస్తే అవే మొహాలు మళ్ళీ గేటు ముందు కనబడుతున్నాయి. వాళ్ళు వార్డు తాళాలు తీయించారు. తాగుడు మానేసి నిలబడినవాళ్ళను జీతమిచ్చి పనిలోకి తీసుకుందామన్నారు. 1954లో రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో ‘కౌన్సెలర్ ఆన్ ఆల్కహాలిజం’ అనే పోస్టు పుట్టింది. అర్హత హైస్కూలు చదువు, రెండేళ్ళుగా చుక్క ముట్టకపోవడం. సైకాలజీలో ఎమ్మే చేసినవాళ్ళకు ఒళ్ళు మండిందంటే మండదా? నిన్న ఇదే వార్డులో వణుకుతూ పడుకున్నవాడు ఇవాళ పక్క కుర్చీలో సహోద్యోగి. ఆండర్సన్ 1961లో హేజెల్డెన్ చికిత్సాకేంద్రానికి వెళ్ళాక ఈ పద్ధతి అక్కడ ఇంకా స్థిరపడింది, కౌన్సెలర్లకు శిక్షణ కూడా అక్కడ మొదలైంది.

పట్టా ఉన్నవాళ్ళకూ పడి లేచినవాళ్ళకూ మధ్య వాదన అప్పటినుంచీ ఆగలేదు. ‘ఈత రానివాడు ఒడ్డున నిలబడి నేర్పితే ఏం లాభం’ అంటారు వీళ్ళు. ‘గుండెపోటు వచ్చినవాడే గుండె డాక్టర్ కావాలా’ అంటారు వాళ్ళు. ఎవరి దగ్గరికి వెళ్ళిన రోగులు బాగా కోలుకుంటారో పోల్చి చూసిన పరిశోధనల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు. రెండు పక్షాలకూ ఇది నచ్చలేదు, అందుకే వాదన సాగుతోంది.

తేడా మరోచోట ఉందని చూపించినవాడు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం సైకాలజిస్టు విలియం మిల్లర్. 1980లో ఆయన బృందం వెలువరించిన పరిశోధన ఈ రంగంలో అందరికీ ముల్లులా గుచ్చుకోవలసింది. తాగుడు తగ్గించుకునే పద్ధతి నేర్పడానికి తొమ్మిదిమంది కౌన్సెలర్లకు ఒకే శిక్షణ ఇచ్చారు. కొంతమంది రోగులకు కౌన్సెలర్ లేకుండా, ఇంట్లో చదువుకోవడానికి ఓ పుస్తకం మాత్రం ఇచ్చారు. కౌన్సెలర్లు మాట్లాడుతుంటే అద్దం అవతల నుంచి ముగ్గురు పర్యవేక్షకులు గమనించి, ఎదుటివాడి మాటను ఎవరు ఎంత శ్రద్ధగా విని అర్థం చేసుకుంటున్నారో వరసక్రమం వేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే రోగుల ఫలితాలు దాదాపు ఆ వరసలోనే ఉన్నాయి. బాగా వినే కౌన్సెలర్ దగ్గర అందరూ మెరుగుపడ్డారు, అందరికన్నా తక్కువగా వినేవాడి దగ్గర నాలుగో వంతు మంది మాత్రమే. పుస్తకం తీసుకుని ఇంటికెళ్ళినవాళ్ళలో నూటికి అరవైమంది బాగుపడ్డారు. అంటే కొందరు కౌన్సెలర్ల దగ్గరికి వెళ్ళడం కన్నా ఏ కౌన్సెలర్ దగ్గరికీ వెళ్ళకుండా పుస్తకం చదువుకోవడం నయం. ఏ శిక్షణ సంస్థ కరపత్రంలోనైనా ఈ వాక్యం అచ్చు వేస్తారా?

మిల్లర్ 1982లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఓ చికిత్సాలయంలో కొన్నాళ్ళున్నాడు. అక్కడి యువ సైకాలజిస్టులు ఆయన చేత రోగితో మాట్లాడుతున్నట్టు నటింపజేసేవారు. మాటమాటకీ ఆపి, ‘ఇప్పుడు ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు? ఆ మాట వదిలేసి ఈ మాట ఎందుకు పట్టుకున్నారు?’ అని నిలదీసేవారు. ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ చేస్తున్నదానికి కారణాలు వెతుక్కుని చెప్పాల్సొచ్చింది. చెబుతూ చెబుతూ రాసుకున్న కాగితాలే 1983లో వ్యాసమయ్యాయి. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే ఆ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా శిక్షణలో భాగం. పాఠం విద్యార్థుల నోట పుట్టి గురువుకు చేరిన సందర్భాలు తక్కువే, ఇది అలాంటి ఒకటి.

ఈ పద్ధతిలో శిక్షణ దగ్గరనుంచి చూస్తే కాస్త నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరు రోగి వేషం, ఇంకొకరు కౌన్సెలర్. మన ఊళ్ళో అయితే సంభాషణ ఇలా మొదలవుతుంది.

‘నాకేం తాగుడు జబ్బు లేదండీ. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను.’

కొత్త విద్యార్థి వెంటనే, ‘ఆవిడ ఊరికే ఎందుకు పోరుపెడుతుందండీ? రోజూ ఎంత తాగుతారు?’ అంటాడు.

‘మా ఆఫీసులో అందరూ తాగుతారు.’

తలుపు మూసుకుంది. గురువు ఆపి, మళ్ళీ మొదలుపెట్టమంటాడు. ఈసారి ప్రశ్న వేయకూడదు. విద్యార్థి తడబడి, తడబడి, ‘మీ అంతట మీరు రాలేదు. ఆవిడ కోసం వచ్చారు’ అంటాడు. రోగి వేషగాడు ఓ క్షణం ఆగి, ‘ఆవిడ కోసమనే కాదు... మా పాప నాతో మాట్లాడ్డం మానేసిందండీ’ అంటాడు. ఆ వాక్యం అతను ఇంటి దగ్గర రాసుకొచ్చింది కాదు, అక్కడికక్కడ వచ్చింది. ఇలాంటి సంభాషణలను రికార్డు చేసి వాక్యం వాక్యం లెక్క కడతారు. ఒక ప్రశ్నకు కనీసం రెండుసార్లయినా ఎదుటివాడు చెప్పినదాన్ని తిరిగి అతనికే వినిపించగలిగితే పనివాడి కింద లెక్క. తెలుగింట్లో పుట్టినవాడికి ఇది గిట్టని పని. మనకు తాగేవాడు కనబడితే పెదనాన్న నుంచి పక్కింటి రిటైర్డు హెడ్‌మాస్టరు దాకా అందరూ బుద్ధి చెప్పేవాళ్ళే.

బుద్ధి చెప్పేవాళ్ళ చేతిలో తిరుగులేని అస్త్రం ఒకటుంది, అయ్యప్ప మాల. ‘మాల వేసుకుని 41 రోజులూ ముట్టలేదు కదా, మాల తీసిన రోజే ఏం రోగం?’ అని దెప్పుతారు. శిక్షణ పొందిన మనిషి అదే సంగతిని తిప్పి అడుగుతాడు: ‘ఆ 41 రోజులూ ఎలా ఉండగలిగారు? తెల్లవారుజామున ఎవరు తోడున్నారు? సాయంత్రాలు ఎక్కడ గడిపారు?’ ఆ జవాబుల్లో చికిత్సకు కావలసిన సరంజామా సగం దొరుకుతుంది. ఇంకో జాగ్రత్త కూడా అతనికి తెలిసుండాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మాటలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పంపాలో తెలియడం ఈ చదువులో మొదటి పాఠం.

తెలుగువాళ్ళకు మద్యం మీద పోరాటం కొత్తకాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు కదిలించిన సారా ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అంత పెద్ద కదలికలో దుకాణాలు, వేలంపాటలు, కాంట్రాక్టర్లు, ఖజానా లెక్కలు అన్నీ చర్చకొచ్చాయి. దుకాణం మూసిన మర్నాడు పొద్దున చేతులు వణుకుతూ లేచే మనిషి ఎవరి దగ్గరికి వెళ్ళాలన్న మాట ఎంత వినబడాలో అంత వినబడలేదు. ఆ ప్రశ్న 2020 మార్చిలో తిరిగొచ్చింది. లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరసకట్టారు. వాళ్ళలో మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ళూ ఉన్నారు.

మన దేశంలో ఈ చదువుకు దారి వేసిన వాళ్ళలో చెన్నైకి చెందిన శాంతి రంగనాథన్ పేరు ముందు చెప్పాలి. భర్త టి.టి. రంగనాథన్, మాజీ కేంద్ర ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి మనవడు. డబ్బుకు, మందులకు, డాక్టర్లకు కొదవలేని ఇంట్లో ఆయన 1979లో ముప్పైల్లోనే తాగుడుకు బలయ్యాడు. ఆమె మిన్నెసోటా వెళ్ళి హేజెల్డెన్‌లో శిక్షణ తీసుకుని వచ్చి, 1980లో భర్త పేరిట సంస్థ పెట్టింది. టీటీకే ఆసుపత్రి దాని నుంచే వచ్చింది. 1992లో పద్మశ్రీ అందుకుంది. దక్షిణాది డీ-అడిక్షన్ కేంద్రాల్లో పనిచేసే ఎంతోమంది కౌన్సెలర్లకు అక్కడ శిక్షణ దొరికింది. గమనిస్తే ఆమె పట్టా వర్గానికీ, పడి లేచినవాళ్ళ వర్గానికీ చెందదు. పడినవాడి పక్కన కూర్చున్న మనిషి ఆమె. యేల్ బడి మొదటి తరగతిలో ఈ మూడో రకానికి కేటాయించిన బెంచీ లేదు. తర్వాత ఈ చదువుల్లో కుటుంబం గురించిన పాఠాలు చేరాయంటే ఇలాంటివాళ్ళు పట్టుబట్టి కూర్చోవడం వల్లే.

అవసరం ఎంతుందో చెప్పే లెక్క 2019లో వచ్చింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్ళు సుమారు 5.7 కోట్లమంది. మద్యానికి బానిసలైనవాళ్ళలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్ళు 180 మందిలో ఒక్కరు. బెంగళూరు నిమ్హాన్స్‌లాంటి చోట మంచి శిక్షణ ఉంది, కానీ ఈ అంకెల ముందు అది ఎంతమందికి సరిపోతుంది?

ప్రభుత్వ సాయంతో నడిచే పునరావాస కేంద్రాల సిబ్బంది పట్టికలో ఇప్పుడు రెండు పోస్టులు విడివిడిగా ఉంటాయి. డిగ్రీ ఉన్నవాడు కౌన్సెలర్. తాగుడో మత్తుమందో మానేసి నిలబడినవాడు పీర్ ఎడ్యుకేటర్, అతని గౌరవవేతనం తక్కువ. 1954లో మిన్నెసోటా రెండో రకం మనిషికి మొదటి రకం హోదా ఇచ్చింది, మనం హోదాను రెండుగా చీల్చాం. మిల్లర్ పరిశోధన నిజమైతే ఈ ఇద్దరిలో ఎవరు బాగా వింటారో సర్టిఫికెట్ చూసి చెప్పలేం, పూర్వచరిత్ర చూసీ చెప్పలేం. అద్దం అవతల కూర్చుని గమనిస్తేనే తెలుస్తుంది. ఆ అద్దానికీ, దాని వెనక కూర్చునే పర్యవేక్షకుడికీ మన కేంద్రాల బడ్జెట్లో పద్దు పెట్టించుకునే ధైర్యం ఏ శిక్షణ సంస్థ చేస్తుందో చూడాలి.